మెట్ల మీది డాక్టరు

వ్యంగ్యం రాసేవాడికి అత్తగారే పాఠకురాలైతే ఎంత నరకమో నన్నడగండి. వారం వారం పత్రికలో నేను రాసేదాన్ని ఆవిడ అచ్చమైన వార్తల్లా చదువుతారు. పొగుడుతున్నట్టే పొడవాలి, గోరంతను కొండంత చేయాలి, నవ్వు మాత్రం బయటపడకూడదు. మా విద్యంతా అంతే. ఆవిడ దగ్గర ఆ విద్యేదీ పారదు. నేనేం రాసినా నమ్మేస్తారు.

ఈసారి పింఛను ఆఫీసు మీద రాశాను. మూడంతస్తుల మేడ, ఏడాదిగా కదలని లిఫ్టు, వచ్చేవాళ్లంతా ముసలివాళ్లు. ‘వృద్ధుల కోసం ఒక అధికారి త్యాగం’ అని శీర్షిక పెట్టాను. మన ఆరోగ్యం కోసం ఆయన లిఫ్టును వదులుకున్నారనీ, మెట్ల మలుపు మలుపుకూ మెత్తటి కుర్చీ వేయించారనీ, రెండో మలుపులో బీపీ చూసే డాక్టరున్నాడనీ, పైదాకా ఎక్కగలిగితే బతికున్నట్టే గనక వేరే సర్టిఫికెట్ అక్కర్లేదనీ రాసి తెగ మురిసిపోయాను.

ఆ అధికారి నాకన్నా ఎక్కువ మురిసిపోయాడు. శీర్షిక దాటి చదివినట్టు లేదు మహానుభావుడు. దాన్ని ఫ్రేము కట్టించి, తన కుర్చీ వెనక గోడకు తగిలించి, పక్కన నిలబడి దిగిన ఫొటోను ఫోన్లో లోకమంతటికీ పంపాడు. వాత పెడితే చందనం పూశారనుకునే మనిషిని ఏం చేయగలం?

ఫొటో మా ఎడిటర్‌కీ చేరింది.

"ఏమయ్యా, నువ్వు తిట్టినవాడు నీకు దండేసేలా ఉన్నాడు! ఇది వ్యంగ్యమా, ప్రకటనా? వచ్చేవారం నుంచి ఆ చోట్లో జుట్టు రాలకుండా చిట్కాలు వేస్తా."

ఎన్నో ఏళ్లుగా రాస్తున్న కాలమ్. నిజంగానే ఏడుపొచ్చింది. ఇంటికి వెళితే అత్తగారు లేరు.

"అమ్మ పింఛను ఆఫీసుకెళ్లింది. డాక్టరున్నాడని మీరే రాశారుగా! పనిలో పనిగా మోకాళ్లు కూడా చూపించుకొస్తానంది," అంది మా ఆవిడ.

వెంటనే ఆఫీసుకు పరిగెత్తాను.

రెండో మలుపులో మెట్టు మీద అత్తగారు, చేతిలో పత్రిక. ఆవిడ వెనక మెట్ల నిండా ముసలివాళ్లు, డాక్టరు కోసం వరసగా కూర్చున్నారు. పైనుంచి అధికారి దిగలేక నిలబడిపోయాడు.

"పెద్దమ్మా, అది నవ్వులాటకి రాశారు," అన్నాడు.

"నవ్వులాటైతే ఫ్రేము కట్టించి గోడకెందుకు తగిలించారు బాబూ?"

"అంటే... అది నిజమే, కానీ..."

"నిజమైతే డాక్టరేడీ?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఓ పెద్దాయన చొక్కా చెయ్యి మడిచి చాచాడు. "డాక్టరు రాకపోతే పోనీ, మీరే చూడండి సార్."

మెట్లన్నీ ఘొల్లున నవ్వాయి. నా రాతకు ఒక మనిషి మొహం అంతలా కందిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నా ఒళ్లు పులకరించింది.

ఆ సాయంత్రమే ఫ్రేము దిగింది. ఆ వారంలోనే లిఫ్టు కదిలింది. సంగతి తెలిసి మా ఎడిటర్ జుట్టు చిట్కాలను వెనక పేజీకి నెట్టేశాడు.

అత్తగారికి మాత్రం కోపం చల్లారలేదు. "లిఫ్టు సరే, ఆ డాక్టరునెందుకు తీసేశారు? ఈసారి గట్టిగా రాయండి బాబూ!"

ఇప్పుడు ఏది రాసినా ముందు ఆవిడకే చదివి వినిపిస్తున్నాను. నవ్వారంటే చించేస్తాను. నమ్మారంటే అచ్చుకు పంపుతాను.