చల్లటి సీసా

ఊరి మురుగునీటిని శుభ్రం చేసే ప్లాంటులో ఆవిడ కెమిస్టు. పదకొండేళ్లుగా ట్యాంకుల నీళ్లు సీసాల్లో పట్టి, పరీక్షించి, రిజిస్టర్లో ఎక్కించడమే పని. చేసే పని మీద ఎన్నడూ అనుమానం రాని మనిషికి ఈ చలికాలం మాత్రం కాలు ఒకచోట నిలవలేదు.

కారణం నురుగు. ప్లాంటు నుంచి బయటికి పోయే కాలవలో మోకాలెత్తున తేలుతోంది. ఆ నీళ్లు కాసిని పట్టుకొచ్చి అయోడిన్ మందు కలిపింది. చిక్కటి నీలం రంగు తిరిగాయి. వాషింగ్ మెషీన్లో పడేసే సబ్బు పొట్లాలకు పైన పల్చటి పొర ఉంటుందే, ఈ మందు పడితే నీలం తిరిగే, నీళ్లలో కరిగే ప్లాస్టిక్, అది ట్యాంకులన్నీ దాటుకుని బయటపడుతోందన్నమాట. కంటికి కనపడకుండా కరిగిందే గాని పోలేదు.

ఆ పొట్లాలు చేసే కంపెనీలో నాణ్యత చూసేది ఆవిడ వదినే, అన్నయ్య భార్య. పోయిన ఎండాకాలం వదిన ఆ పొర తెచ్చిస్తే, బాక్టీరియా దాన్ని పన్నెండు రోజుల్లో తినేశాయని రాసి సంతకం పెట్టింది ఈవిడే. ఇప్పుడు ప్రతి డబ్బా మీదా పెద్ద అక్షరాలున్నాయి: 'నీళ్లలో కరుగుతుంది, ఏమీ మిగలదు'.

మళ్లీ పరీక్ష మొదలుపెట్టింది. బాక్టీరియా ఉండే ఒకే ట్యాంకు బురద, ఒకే కొలత ప్లాస్టిక్, మూడు సీసాలు. ఒకటి ముప్పై డిగ్రీల వెచ్చటి పెట్టెలో. రెండోది బయటి ట్యాంకంత చల్లగా, పదకొండు డిగ్రీల్లో. మూడోది వెచ్చగానే, కానీ గాలి అందకుండా. పెట్టిన దగ్గర్నుంచి గంటకోసారి లేచి చూడటమే.

"పొయ్యి మీద పాలు కాదు కదమ్మా, కాసేపు కూర్చో," అన్నాడు ట్యాంకులు చూసే పెద్దాయన.

కూర్చుంది. రెండు నిమిషాలకి మళ్లీ లేచింది. ఇంట్లోనూ అదే ధ్యాస. "ఆ సీసాలతోనే కాపురం చెయ్యి," అని భర్త నవ్వాడు. ఆవిడకి నవ్వు రాలేదు.

పన్నెండో రోజు మందు వేస్తే వెచ్చటి సీసాలో రంగు తిరగలేదు. గాలి లేనిది కాస్త వెలిసింది, అంతే. చల్లటి సీసా మొదటిరోజులాగే నీలంగా ఉంది. ఇరవయ్యో రోజూ అంతే.

వదినకి ఫోన్ చేసి చెప్పింది.

"నువ్వే కదా రాసిచ్చావు?" అంది వదిన.

"వెచ్చటి సీసా గురించి రాశాను వదినా. మీవాళ్లు ఊళ్లో నీళ్లన్నిటికీ అదే అన్నట్టు అచ్చేశారు."

"మరి ఆ డబ్బా మీ ఇంట్లోనే ఉందిగా. అప్పుడు చదవలేదా?"

ఆవిడ చదవకేం! చదివింది. చదివి, తన పరీక్షే కదా అని లోలోపల మురిసిపోయింది కూడా. అది ఇప్పుడు గుర్తొస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు వదిన ల్యాబుకే వచ్చింది. బ్యాగు కూడా కింద పెట్టలేదు. "మందు ఇటివ్వు," అని చల్లటి సీసా నీళ్లలో తానే చుక్కలు వేసింది. నీలం తిరిగిన సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"చలికి చచ్చిపోయాయా బాక్టీరియా?"

"చావలేదు, మెల్లబడ్డాయి. ఇది తినగలిగేవి అసలే కొన్ని. వాటికి వెచ్చదనం కావాలి, గాలి కావాలి, ఈ తిండికి అలవాటు పడేదాకా టైము కావాలి. మా ట్యాంకులో నీళ్లు పది గంటలు కూడా ఆగవు."

మూడు సీసాల సంగతీ రాసి ఆవిడ సవరించిన రిపోర్టును వదిన కంపెనీకి పట్టుకెళ్లింది. కంపెనీలో ఏం జరిగిందో నాలుగు వారాలు చెప్పలేదు. ఆఖరికి డబ్బా మీద 'ఏమీ మిగలదు' అన్న మాట తీసేశారు. వదినను నాణ్యత విభాగం నుంచి గోదాముకి మార్చారు. అన్నయ్య ఫోన్లో పొడిపొడిగా మాట్లాడాడు. ప్లాంటులో బాక్టీరియా అలవాటు పడేలా బురదను ట్యాంకుల్లో ఎక్కువ రోజులు నిలిపి, గాలి పెంచారు. నురుగు సగానికి తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఎండలు ముదిరే ముందు ఒకరోజు ఆవిడే వదిన ఇంటికి వెళ్లింది. గుమ్మం ముందే కాలు నిలవక తిరుగుతూ, "నా వల్లే నిన్ను గోదాముకి తోశారు," అంది.

"నీ వల్ల కాదు. ఇద్దరం ఒక సీసా చూసి ఊరుకున్నాం," అంది వదిన, తలుపు తీసిపట్టుకుని. "లోపలికి రా. అలా అటూ ఇటూ తిరక్కు, నాకు కళ్లు తిరుగుతున్నాయి."