పద్నాలుగో ప్రశ్న

"ఫారం నింపేది నువ్వు నింపినావు. మాట్లాడేది మేం మాట్లాడుకుంటాంలే. నువ్వు టీ సంగతి చూడు," అన్నాడు చిన్నబాబు, ఇస్త్రీ చొక్కాకు గుండీలు పెట్టుకుంటూ.

స్వర్ణ చెన్నై నుంచి వచ్చే ఫౌండేషన్ మేడం భోజనంలోకి రొయ్యలు ఒలుస్తోంది. రొయ్య ముల్లు బొటనవేలి గోటి కింద దిగి మండుతోంది. భర్త మాట చివరన తగిలించిన ఆ 'లే' అంతకన్నా మండింది.

మూడేళ్ళు. కావలి కోర్టులో న్యాయ సహాయ వాలంటీరుగా తిరిగిన మూడేళ్ళూ ఆమె ఒకటే చూసింది. తమ జాలర్ల పాళెం ఆడవాళ్ళు తెల్లారకముందే లేచి, చేపల గంపలు పక్కింటివాళ్ళకు అప్పజెప్పి, రెండు బస్సులు మారి కోర్టుకు వస్తారు. పేరు పిలుస్తారు, వాయిదా అంటారు, తిరిగి పోతారు. నాలుగో వాయిదాకు రారు. పాళెంలోనే ఒక గది ఉండి, వారానికో రోజు లాయరు వచ్చి, అర్జీ రాసే మనిషి ఒకరు కూర్చుంటే చాలుననిపించింది. అందుకు నిధులిచ్చే వాళ్ళ కోసం వెతికింది. అన్నం ఉడికే లోపల, బట్టలు నానే లోపల, ఫోనులో ఏ ట్రస్టు ఏమిస్తుందో, ఏ కంపెనీ ఏ తేదీలోగా పంపమంటుందో చదివింది. ఆరు దరఖాస్తులు తిరిగొచ్చాయి. ఏడోదానికి 'చూడడానికి వస్తాం' అని కబురొచ్చింది. రిజిస్ట్రేషన్ కావాలన్నారని సంఘం పెట్టారు. అధ్యక్షుడు పాళెం పెద్ద గంగులయ్య, ఆమె మామ. కార్యదర్శి చిన్నబాబు. స్వర్ణ పేరు ఎక్కడా లేదు. "మా కోడలు టైపు బాగా కొడతాది," అని మామ నలుగురిలో మెచ్చుకున్నాడు. ఇరవై ఆరు పేజీలు ఆమె తలలోంచి కాక వేళ్ళలోంచి ఊడిపడ్డట్టు!

అయినా మింగింది. ఆ గదిలో మొదటి కేసు ఎవరిదో ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది.

అంకాలమ్మ మొగుడు వేటకు పోయి తిరిగి రాలేదు. బోటు ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఏడాది తిరిగేసరికి మరిది బోటు తనదన్నాడు. గంగులయ్య పెద్దలను కూర్చోబెట్టి, బోటు మరిదికిచ్చి దురాయి పెట్టాడు. దురాయంటే పాళెం పెద్దల కట్టడి. దాన్ని కాదన్నవాళ్ళ చేపను వేలంలో ఎవరూ పాడరు, వాళ్ళ ఇంటికి ఎవరూ పోరు. ఆ పెద్దల ముందు ఆడమనిషి నిలబడకూడదు. ఆమె మాట మగవాడెవరైనా చెప్పాలి. అంకాలమ్మ మాట చెప్పిందీ గంగులయ్యే, తీర్పిచ్చిందీ గంగులయ్యే. ఆ పంచాయితీని ఫారంలో 'సామాజిక మధ్యవర్తిత్వం' అని రాయమన్నాడు చిన్నబాబు. రాసింది.

ఫారంలో పద్నాలుగో ప్రశ్న, ఒక బాధితురాలి కథ ఆమె సొంత మాటల్లో. స్వర్ణ ఆ జవాబు ఒక్క మధ్యాహ్నంలో రాసింది, 'నా భర్త పడవ పోయింది' అంటూ. తను రాసింది చదువుకుని తనే కళ్ళు తుడుచుకుంది. చివరన చిన్నబాబు 'పెద్దలు నాకు న్యాయం చేశారు' అని కలిపాడు. తీసేసింది. మళ్ళీ కలిపాడు. ఆఖరుకు 'పెద్దలు విచారించారు' దగ్గర రాజీ పడ్డారు. ఆ ఒక్క మాట మార్పించగలిగినందుకు ఆ రోజంతా గెలిచినట్టే తిరిగింది.

పదకొండింటికి కారు వచ్చింది. ప్రత్యూష అనే ఆ ఫౌండేషన్ అధికారి చెప్పులు బయట విడిచి, వలల కొట్టంలో తన కోసం వేసిన కుర్చీ పక్కకు జరిపి, ఆడవాళ్ళ చాప మీద ఓ కొసన కూర్చుంది. ఎవరూ అడగకుండానే అంకాలమ్మ జరిగి, ఆమెకు నీడ పట్టు ఇచ్చింది.

"మా కాడ వాయిదాలుండవమ్మా," అన్నాడు గంగులయ్య కుర్చీలోంచి. "పొద్దున కూర్చుంటే పొద్దుగూకేలోగా తీర్పు. మీ జడ్జీలు మా కాడికొచ్చి నేర్చుకోవాల."

మగవాళ్ళు నవ్వారు. ప్రత్యూష కూడా మర్యాదకు నవ్వి, కాగితం తిప్పింది. "పద్నాలుగో ప్రశ్నలో అంకాలమ్మగారి కథ బాగా రాశారు. అది ఆమె నోట వినాలని ఉంది."

"ఆమె మాట నేను చెప్తా," అన్నాడు గంగులయ్య. "మా కట్టుబాటు అంతే."

ప్రత్యూష పెన్ను మూసింది. పదిమంది మగవాళ్ళ చూపు స్వర్ణ మీదికి తిరిగింది. ఎట్లాగో సర్దమ్మా, అన్నట్టు. చిన్నబాబు కనుబొమలు ఎగరేశాడు. గది, లాయరు, మూడేళ్ళు, అన్నీ ఆ పెన్ను మూతతో పాటే మూసుకుపోతున్నాయనిపించి స్వర్ణ గబగబా ముందుకొచ్చింది. "మేడం, నేను చెప్తాను. అంకాలమ్మక్కకి ఏం జరిగిందంటే..."

"నువ్వు గూడానా, స్వర్ణా?"

అంకాలమ్మ అరవలేదు. ఆశ్చర్యపోయినట్టు అడిగింది.

"నేనింకా చావలేదే! నువ్వు నా ఇంటికొచ్చి ఒక్కనాడన్నా అడిగినావా? ఏం రాసినావో నాకు తెలవనే తెలవదు."

రాసేటప్పుడు ఎరిగిన కథే గదా అనుకుంది స్వర్ణ. మామ కూడా తీర్పు రోజు అదే అనుకుని ఉంటాడు. మగవాళ్ళ మీద మూడేళ్ళుగా రగిలిన కోపం ఒక్కసారి తన వైపు తిరిగితే ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. "తప్పు చేసినా అక్కా. నువ్వే చెప్పు," అని పక్కకు తప్పుకుని, చాప మీద కూర్చుంది.

"మా ఆయన పడవ, మా ఆయన పడవ అంటా ఉండారు అందరూ," అంది అంకాలమ్మ. "ఆ బోటు నా పేరున ఉండాదమ్మా. ఆయనే రిజిస్టరు చేయించినాడు, నీళ్ళల్లో నాకేమన్నా అయితే నీకుంటాది గదే అని. కాయితం నా పెట్టిలో ఉండాది. పెద్దలు కూర్చున్న పొద్దు ఇదిగో ఈ దడి ఎనక నిలబడి చెప్తానే ఉండా. ఈ పెద్దాయన నా తరఫున లేచి, మొగుడి బోటు మరిదికి పోతే ఆమెకు సమ్మతమే అన్నాడు."

గంగులయ్య కుర్చీ వెనక్కి నెట్టుకుని లేచాడు. "ఆ కాయితం తీసుకుని కోర్టు గడప తొక్కినావంటే దురాయి మీరినట్టే. నీ గంప ముట్టేవోడు ఉండడు ఈ పాళెంలో!"

"నాయనా, మేడం ముందర..." అని చిన్నబాబు తండ్రి చెయ్యి పట్టుకుని, భార్య వైపు తిరిగి పళ్ళ బిగువున అన్నాడు. "స్వర్ణా, లే. పొయ్యి టీ తేపో. ఈ గ్రాంటు పొయ్యిందంటే నీవల్లే."

స్వర్ణ లేవలేదు. ఒళ్ళో ఉన్న దరఖాస్తు నకల్లోంచి పద్నాలుగో ప్రశ్న ఉన్న పేజీ లాగి, వెనక్కి తిప్పింది. తెల్లగా ఉంది. పైన ఆ రోజు తేదీ వేసింది, దాని కింద సాక్షిగా తన పేరు రాసింది.

"ఆ దురాయి మాట ఇంకోసారి చెప్పండి మామా," అంది. "రాసుకుంటా ఉండా."