ఆగని ఎర్ర దీపం

ఆ ఇంట్లో రెండు వాటాలు, ఒకటే కరెంటు మీటరు. కింద కుట్టుపని చేసుకునే కోడలు, ఆమె అత్తగారు. పైన ఆసుపత్రి నర్సమ్మ. బిల్లు చెరిసగం. కొన్నాళ్లుగా ఆ బిల్లు చుక్కలు చూపిస్తోంది. కింది ఇస్త్రీపెట్టె వల్లేనని నర్సమ్మ, పై ఫ్రిజ్జు వల్లేనని కోడలు మాటా మాటా అనుకుని పలకరింపులు మానేశారు. తినేదెవరో తెలియదు గానీ కక్కేది ఇద్దరూనూ అని అత్తగారు నవ్వేది.

రాత్రంతా వాన కురిసి వెలిసిన ఒక ఉదయం నర్సమ్మే దిగివచ్చింది. అన్నీ కట్టేసి, ఒక్కో వాటా వేసి చూస్తే నిజం తేలిపోతుందంది. ఇద్దరూ స్విచ్చులన్నీ కట్టేశారు. ఫ్రిజ్జు ప్లగ్గు కూడా పీకి, మెట్ల కింద మీటరు ముందు నిలబడ్డారు.

కరెంటు కాలుతుంటేనే వెలిగే ఎర్ర దీపం గబగబా మిణుకుమంటూనే ఉంది.

ఏదో మరిచిపోయామని మళ్లీ గదులన్నీ చూసివచ్చారు. ఏమీ లేదు. ఎవరూ వాడని కరెంటు ఎటు పోతున్నట్టు?

కోడలికి అత్తగారి మాట గుర్తొచ్చింది. బాత్రూంలో కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని అత్తగారు అంటూనే ఉంది. నరాల బలహీనత అని తనే కొట్టిపారేసింది. ఇందాకే ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లింది.

"అక్కా, మెయిన్ దించెయ్," అంటూనే కోడలు పరిగెత్తింది.

లోపల నీళ్ల చప్పుడు. "అత్తయ్యా" అని పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. తలుపు రేకుది, గడప దాకా తడి. ముట్టుకోవాలంటే భయం, ముట్టుకోకుండా నిలబడాలంటే అంతకు మించిన భయం. వెనక మెయిన్ టక్కున పడింది. కోడలు భుజంతో మోదితే గడియ ఊడిపోయింది.

అత్తగారు గోడకు జారగిలబడి ఉంది. అరచేయి కమిలిపోయింది. పెదవులు వణుకుతున్నాయి.

"పట్టుకుందే... వదల్లేదు," అంది.

నర్సమ్మ నాడి చూసింది, ఆటో పిలిచింది, ఆసుపత్రిలో ఆవిడ పక్కనుంచి కదల్లేదు. మర్నాడు ముగ్గురూ ఇంటికి వచ్చారు. ఎలక్ట్రీషియన్ గోడ చెక్కితే, స్విచ్చుతో పని లేకుండా నేరుగా మీటరు నుంచి లాగిన పాత హీటరు వైరు తొడుగు ఊడి, తడి గోడలో ఇనుప గొట్టానికి ఆనుకుని ఉంది. ఇంటి యజమాని బిక్కమొహం వేసి వైర్లన్నీ మార్పించాడు, రెండు మీటర్లు పెట్టించాడు.

అయినా అత్తగారు స్నానానికి వెళ్తే కోడలు గడియ పెట్టనివ్వదు. బయట పీట వేసుకుని గుండీలు కుడుతూ కబుర్లు చెబుతుంది. లోపల నీళ్ల చప్పుడు ఆగిందంటే చాలు, సూది ఆగిపోతుంది.