సగం లెక్క

పుష్పవతి టీచరు కట్టిన పాట ఆ ఊరి తెలుగు మీడియం బడిలో అందరి నోళ్లలో నానేది. "బరువులో సగం ప్రోటాన్లు, మిగతా సగం న్యూట్రాన్లు" అని ఆవుల్ని తోలుకొస్తూ కూడా పాడేవాళ్లు పిల్లలు. అసలు పద్ధతి ఆమెకు తెలియక కాదు. పరమాణువు ద్రవ్యరాశి సంఖ్యలోంచి న్యూట్రాన్లను తీసేస్తే మిగిలేవి ప్రోటాన్లు. కానీ పరీక్షలో ఎప్పుడూ కార్బను, ఆక్సిజను, కాల్షియమే వచ్చేవి. వాటికి సగం చేస్తే చాలు. సాయంత్రం ఇంటికెళ్లే హోసూరు బస్సు అందుకోవాలన్న తొందరలో ఆ అడ్డదారి ఆమెకు మహా ముద్దొచ్చింది. పిల్లలు పాసయ్యారు, హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు, ఆవిడగారు మురిసిపోయింది.

ఆ ఏడాది కృష్ణగిరిలో సైన్సు పోటీ పెట్టారు. తొమ్మిదో తరగతి రశ్మిని పుష్పవతే తీసుకెళ్లింది. గెలిస్తే పై చదువులు చదివిస్తాననీ, లేకపోతే బడి మాన్పించి పట్టుపురుగుల పనిలో పెడతాననీ రశ్మి తండ్రి సుబ్బరాయప్ప ముందే తేల్చేశాడు.

ఆర్గాన్ ద్రవ్యరాశి సంఖ్య నలభై, న్యూట్రాన్లు ఇరవై రెండు, ప్రోటాన్లెన్ని అని వేదిక మీద అడిగారు. రశ్మి రెప్పపాటులో ఇరవై అంది. ఇరవైకి ఇరవై రెండు కలిపితే నలభై ఎట్లా అవుతుందమ్మా అని ప్రశ్న వేసినాయన నవ్వాడు. హాలంతా నవ్వింది. రశ్మి దిక్కుతోచక టీచరు వైపు చూసింది. పుష్పవతి తల దించుకుని, హ్యాండ్ బ్యాగులో లేనిదేదో వెతకసాగింది.

మర్నాటి నుంచి రశ్మి బడికి రాలేదు. పాఠం చెబుతుంటే ఆ చూపే పుష్పవతి కళ్లముందు మెదిలేది. చివరికి ఓ సాయంత్రం బడి వదిలాక రశ్మి ఇంటికి వెళ్లింది. రశ్మి పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతోంది. తల్లి నంజమ్మ మజ్జిగ ఇచ్చింది.

"తప్పు పాపది కాదు సుబ్బరాయప్పా. నేను నేర్పిందే తప్పు" అంది పుష్పవతి.

సుబ్బరాయప్ప నమ్మలేదు. "మా పాప మీద అభిమానంతో చెప్తా ఉండారు టీచరమ్మా. మీది మంచి మనసు."

"టీచరు సరిగ్గానే చెప్పినారు నాయనా. నేనే మరిచిపోయినాను" అంది రశ్మి, కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండానే.

ఆ మాటకు పుష్పవతి ప్రాణం చచ్చిపోయింది. లేచి వీధిలోకి వెళ్లి, తొక్కుడుబిళ్ల ఆడుతున్న బడిపిల్లల్ని పిలుచుకొచ్చి, అదే ప్రశ్న అక్షరం మార్చకుండా అడిగింది. పిల్లలంతా పాట ఎత్తుకుని, ఒక్క గొంతుతో ఇరవై అన్నారు.

"పద్దెనిమిది రావాల. ఒక్కరూ చెప్పలేదు చూడండి" అంది.

సుబ్బరాయప్ప పిల్లల్ని చూశాడు, కూతుర్ని చూశాడు.

"పాపను చదివిస్తాను టీచరమ్మా" అన్నాడు చివరికి. పుష్పవతి మనసు కుదుటపడింది. "అయితే మీ దగ్గర కాదు. హోసూర్లో చేరుస్తాను. ఆడ మా చెల్లెలు ఉండాది."

రశ్మి టీచరుకేసి చూసింది, పోటీనాడు చూసినట్టే. ఈసారి పుష్పవతి తల దించుకోలేదు. అట్లాగే చేర్చండి, అదే మంచిదంది.

రోడ్డు మీద బస్సు హారన్ వినిపించింది. ఎప్పుడూ పరుగెత్తే మనిషి ఆ రోజు కదల్లేదు. పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఇకమీదట ఆ పాట పాడొద్దంది. పాట తప్పా టీచర్ అని భువన అనే చిన్నపిల్ల అడిగింది.

"తప్పే" అంది పుష్పవతి.

పిల్లలకు అదేదో కొత్త ఆటలా తోచింది. పకపకా నవ్వి, ఇంకా గట్టిగా పాడారు.