తెర వెనక కీ

మద్దిలపాలెం జంక్షన్లో సైకిలు షాపు మీది గదిలో, దేశదేశాలవాళ్లతో వైర్‌లెస్సులో మాట్లాడుకునే సరదా ఉన్నవాళ్ల హామ్ రేడియో క్లబ్బు. ఆదివారం పదయ్యేసరికి పోర్టు ఆఫీసర్లూ, స్టీలు ప్రాజెక్టు ఇంజనీర్లూ వచ్చి కుర్చీలన్నీ నింపేస్తారు. అబ్దుల్ వహాబుకి కుర్చీ ఉండదు. అతను గోడవార నిలబడే మనిషి. మెషీను మూగబోయినప్పుడు మాత్రం అందరికీ వహాబే దిక్కు.

నలభై నాలుగేళ్లవాడు. అయిదో తరగతితో బడికి సలాం కొట్టి, తార్ ఆఫీసులో టెలిగ్రాంలు పంచే పనిలో చేరాడు. గోడవతల టకటకలు వినీ వినీ చుక్కా గీతల మోర్సు భాష వంటబట్టింది. ఆ తర్వాత పాత పోస్టాఫీసు దగ్గర రేడియో రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. క్లబ్బు ట్రాన్స్‌మిటరు కూడా అతని చేతి పనే. మిలటరీ వాళ్లు వేలంలో పారేసిన వాల్వులకి నూనె డబ్బాల రేకు తొడిగి నిలబెట్టాడు.

కానీ లైసెన్సు లేనివాడు మోర్సు కొట్టే కీ మీద వేలు పెట్టకూడదు. లైసెన్సుకి సర్కారు పరీక్ష రాయాలి. క్లబ్బు తరఫున వెళ్లే దరఖాస్తు మీద సెక్రటరీ సంతకం పడాలి. సెక్రటరీ భీమశంకరరావు గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో స్థిరపడ్డ ఆఫీసరు. లైసెన్సున్నది ఆయనకొక్కడికే. మోర్సు బట్టీపట్టి పాసయ్యాడు గానీ, పాసైన మర్నాటి నుంచే ఆ చెయ్యి తుప్పుపట్టింది. అందుకని రెండేళ్లుగా లైసెన్సుతో పాటు వచ్చే పిలుపుపేరు, అదే కాల్‌సైన్ ఆయనది, కొట్టే చెయ్యి వహాబుది. జపానులోని ఒసాకా నుంచి ఇతో అనే ఆయన వారం వారం పలికేవాడు. మాట్లాడినందుకు గుర్తుగా పోస్టులో కార్డులు పంపేవాడు. అవన్నీ భీమశంకరరావు పేరున వచ్చి గోడెక్కాయి. నలభై ఒక్క కార్డులు.

ఎనభై ఒకటిలో క్లబ్బు వార్షికోత్సవం పెట్టారు. పదకొండింటికి అందరి ఎదటా ఒసాకాతో మాట్లాడాలి. పోర్టు పెద్దాఫీసరు ముఖ్య అతిథి. బల్ల మీద ఒక కీ, వెనక ముదురాకుపచ్చ తెర, తెర వెనక ఇంకో కీ. బల్ల మీది కీకి తీగ లేదు. ముందు సెక్రటరీ ఉత్తినే వేళ్లు ఆడిస్తాడు, వెనక వహాబు కొడతాడు.

పావుతక్కువ పదకొండుకి వహాబు దరఖాస్తు చాపాడు.

"సారూ, సంతకం."

"ఇప్పుడా? అతిథిగారొచ్చే వేళయింది. వెళ్లి వెనక కూర్చో."

"రెండేళ్ల నుంచీ ఇదే మాట సెప్తన్నారు. ఇయ్యాల సంతకం పడితేనే కూకుంటాను."

భీమశంకరరావు పక్కవాళ్లకి వినపడేలా నవ్వాడు. "ఏవయ్యా వహాబూ, అయిదో క్లాసు వాడివి, పరీక్ష పేపరు ఏ వైపు నుంచి చదవాలో తెలుసునా? అతుకులేసుకునేవాడికి లైసెన్సెందుకయ్యా? నీకు తెర వెనకే అందం."

పక్కవాళ్లూ నవ్వారు. వహాబు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అలాగే సారూ."

తెర వెనక్కెళ్లి స్క్రూడ్రైవరు తీశాడు. బ్యాటరీ మోసుకొచ్చిన క్రేను ఖలాసీ ఎల్లారావు అక్కడే చతికిలబడి ఉన్నాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా?"

"ఆయన కీకి తీగ తగిలిత్తన్నాను."

"ఓర్నాయనో! కొంప ములిగిపోద్ది!"

"ములగనీ. మనది కాదు గదేటి."

తన కీకున్న రెండు తీగలూ పీకి, బల్ల కింద నుంచి లాగి ముందున్న కీకి బిగించాడు. తిన్నగా వచ్చి, అప్పుడే వచ్చి కూర్చున్న అతిథి పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆ క్లబ్బులో అతను కుర్చీ ఎక్కడం అదే మొదలు.

భీమశంకరరావు చూశాడు. మొహం కందగడ్డయింది. ఈలోగా అతిథి వాచీ చూసుకుని "కానివ్వండి" అన్నారు. సెక్రటరీ వేలు కీ మీద పడింది. లౌడుస్పీకర్లో కీచుమంది. కుంటివాడు మెట్లు దిగినట్టు మోగింది మోర్సు. ఆపాడు. ఒసాకా జవాబిచ్చింది.

"ఏమంటున్నాడండీ?" అన్నారు అతిథి.

"అదీ... అక్కడ వాతావరణం చాలా బావుందంటున్నాడండీ."

వహాబు లేచాడు. "కాదు బాబూ. 'తిన్నగా కొట్టు. ఇది అతని చెయ్యి కాదు. నువ్వెవరు? నా స్నేయితుడి కాల్‌సైన్ నీకెలా వచ్చింది? అతను సేమంగా ఉన్నాడా?' అంటన్నాడు."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నీకెలా తెలుసు?" అన్నారు అతిథి.

"ఆ స్నేయితుణ్ణి నానే బాబూ. ఆ గోడమీది నలభయ్యొక్క కార్డులూ ఈ సేతి ఏళ్లకొచ్చినవే."

అతిథి గోడ చూశారు. సెక్రటరీని చూశారు. "అయితే రా. జవాబియ్యి."

స్పీకర్లో ఇతో మళ్లీ అడుగుతున్నాడు. వహాబు కుడి చెయ్యి దానంతటదే లేచింది. ఎడం చేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"లైసెన్సు లేదు బాబూ. తెర వెనక రెండేళ్లు సేసిన తప్పు తవరి ముందు సెయ్యను. ఆ లైసెన్సు పరీచ్చకే సంతకం అడిగితే నవ్వుతన్నారు." దరఖాస్తు విప్పి బల్ల మీద పరిచాడు.

"ముందు సంతకం పెట్టండి భీమశంకరరావుగారూ" అన్నారు అతిథి. ఆ గొంతుకి ఎదురులేదు.

పెన్ను రెండుసార్లు ఇంకు కక్కింది. సంతకం పడింది. వహాబు అక్షరం అక్షరం చూసుకుని, ఊది ఆరబెట్టి మడిచాడు.

"ఇంక కొట్టు వహాబూ," సెక్రటరీ గొంతు తగ్గింది. "పరువు పోతోంది. ఒక్క ముక్క."

"కాగితం మీద సంతకం పడింది గానీ, నాకు కాల్‌సైన్ రాలేదు గదా సారూ. వచ్చిన నాడు నా పేరుతోనే పిలుత్తాను ఆయన్ని. అందాకా మీరే సెప్పుకోండి, నానెవుణ్ణో."

కుర్చీ సర్దిపెట్టి మరీ బయటికి నడిచాడు. ఎల్లారావు వెనకే పరిగెట్టాడు.

"పరీచ్చ పోతేనో బావా?"

"మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూకుంటాను."

సగం మెట్లు దిగేసరికి పైనుంచి కీచుమంది. వహాబు ఆగి చెవొగ్గాడు. భీమశంకరరావు జవాబు కొడుతున్నాడు, తప్పుల మీద తప్పులు.

"ఏటంటన్నాడు?"

"తనే ఆ స్నేయితుడంట. సెయ్యి నొప్పంట."

"నిజవేనేటి?"

"సంతకం పెట్టిన సెయ్యి గదా," అన్నాడు వహాబు జేబు తడుముకుంటూ. "నొప్పెట్టదేటి?"