గోరంత సిలువ

పందెలిస్ బంగారు కొట్టు మెట్లు అసిమీనా ఎక్కడం ఆ ఏడాదిలో అది ఐదోసారి. కంసాలి పందెలిస్ విసుక్కోకుండా బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి మూడు బంగారు సిలువలు వరసగా పెట్టాడు. ఆవిడ ఒక్కొక్కటీ అరచేతిలో వేసుకుని చూసి పెదవి విరిచింది.

"మా ఆడపడుచు లెమోనియా మొన్న తను జ్ఞానతల్లిగా నిలబడ్డ పిల్లాడికి వేసిన సిలువ చూశావుగా. దాని ముందు ఇవి ఏ మూలకయ్యా?"

"ఆవిడ పిల్లాడికి వేయలేదమ్మా, ఊరికి చూపించింది. వాడి మెడ పాపం ఆ బరువుకి వంగిపోతోంది" అన్నాడు పందెలిస్.

"ఇలా మాట్లాడితే నీ కొట్టు నడిచినట్టే. ఇంకాస్త పెద్దది తెప్పించు, వచ్చే నెల వస్తాను."

పాఠకులు తొందరపడి అసిమీనాను ఆడిపోసుకోవద్దు. ఆవిడ మనసు మంచిదే. గ్రీసు దేశపు సీరోస్ దీవి రేవులో ఆవిడది లుకూమి మిఠాయి కొట్టు. అందులో పళ్ళేలు కడిగే జఫీరో భర్త నావికుడు. వెళ్ళిన ఓడ తిరిగి రాలేదు. అప్పటికి జఫీరో కడుపుతో ఉంది. భర్త నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక గుడి గుమ్మంలో అసిమీనా ఆమెను కావలించుకుని ఏడ్చి, "పుట్టబోయే బిడ్డకు జ్ఞానతల్లిని నేనే" అని అందరి ముందూ మాట ఇచ్చింది. ఆ మాట ఇచ్చింది నిజమైన దయతోనే.

చిక్కల్లా తర్వాత వచ్చింది. జ్ఞానస్నానానికి సిలువ, కొవ్వొత్తి, కొత్త బట్టలు తేవలసింది జ్ఞానతల్లి. ఆ రోజున పేరు పలికేదీ ఆవిడే. అందాకా బిడ్డకు పేరుండదు. మగపిల్లాడైతే బేబీస్, ఆడపిల్లయితే బేబా, అంతే. ఒకరు మాట ఇచ్చాక ఇంకొకరిని అడగడం మహాపాపమని అక్కడి నమ్మకం. మొదటి ఏడు చలి అంది అసిమీనా. రెండో ఏడు నచ్చిన సిలువ దొరకలేదంది. ఈలోగా లెమోనియా పెట్టిన సిలువ వచ్చి అసిమీనా కంట్లో నలుసైంది. దాన్ని మించింది పెట్టకపోతే తల ఎత్తుకోలేననుకుంది. ఇలా రెండున్నరేళ్ళు గడిచాయి. పిల్లల బడిలో కోట్లు తగిలించే కొక్కేలకు అందరి పేర్లూ రాశారు. బేబా కొక్కేనికి మాత్రం చేప బొమ్మ అంటించారు.

జఫీరో నోరు తెరిచి అడిగింది ఒక్కసారే. "అమ్మగారూ, సిలువ చిన్నదైనా ఫరవాలేదండీ."

"నీకు ఫరవాలేదమ్మా. నలుగురిలో నా పరువేం కావాలి?" అంది అసిమీనా. తన కొలువు ఆవిడ చేతిలో ఉన్న మనిషి ఇంకేం మాట్లాడుతుంది?

పందెలిస్ సిలువల్ని తిరిగి పెట్టెలో సర్దుతూ ఉండగా రేవులోని మైకు గరగరలాడింది.

"రెండున్నరేళ్ళ పాప తప్పిపోయింది. నీలం గౌను. పాప పేరు..." అక్కడ ఆగింది. "పేరు చెప్పమ్మా" అని రేవు ఉద్యోగి అడగడం, వెనక నుంచి ఒక ఆడగొంతు "ఇంకా పెట్టలేదండీ, బేబా అంటే పలుకుతుంది" అనడం, రెండూ మైకులో ఊరంతటికీ వినిపించాయి.

ఆ గొంతు జఫీరోది. అసిమీనా సంచీ అక్కడే వదిలేసి రేవుకేసి పరుగెత్తింది.

ఆగస్టు శనివారం. ఓడ బయల్దేరబోతోంది. రేవంతా జనం. "బేబా" అని పిలిస్తే నాలుగు వైపుల నుంచి నలుగురు పసిపిల్లలు తిరిగి చూశారు. నలుగురూ ఇంకెవరి పిల్లలో. ఒడ్డుకు గోడ కూడా లేదు, అడుగు తప్పితే నీళ్ళే. ఏమని పిలవాలో అసిమీనాకు తెలియలేదు. ఆ పిల్లకు పేరు పెడతానన్నది తనే కదా.

ఓడ తలుపు గొలుసులు పైకి లేవడం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఒక నావికుడు లోపలి నుంచి కేకేశాడు. "ఆపండి, ఆపండి. ఇక్కడో పిల్ల ఉంది. లుకూమి బుట్టలు అమ్మేవాడి వెనకాలే ఎక్కేసినట్టుంది. పేరేమిటే అంటే చేప అంటోంది."

అసిమీనా ఆ పిల్లను చేతుల్లోకి తీసుకుంది. నోటి నిండా మిఠాయి, ముక్కుకు చక్కెర పొడి. ఏడుపు లేదు, భయమూ లేదు. జఫీరో పరుగున వచ్చి బిడ్డను గుండెకు హత్తుకుంది. తర్వాత రొప్పుతున్న యజమానురాలిని చూసి, "కూర్చోండమ్మగారూ, కాసిన్ని మంచినీళ్ళు తాగండి" అంది. నిష్ఠూరంగా ఒక్క మాట అనలేదు. తిట్టినా అసిమీనాకు అంత బాధ కలిగి ఉండేది కాదు.

"జఫీరో, రేపు ఆదివారమే. ఇప్పుడే వెళ్ళి ఫాదర్‌గారితో మాట్లాడి వస్తాను. ఏం పేరు పెట్టమంటావు?"

"అది జ్ఞానతల్లి హక్కండీ."

"ఇన్నాళ్ళూ నా హక్కే చూసుకున్నాను. నువ్వు చెప్పు."

జఫీరో తల వంచుకుంది. "ఆడపిల్లయితే గలీని అని మా ఆయన అనుకున్నారండీ. అలలు లేని సముద్రం పేరు."

మర్నాడు ఆనవాయితీ ప్రకారం జఫీరో గుడి బయటే నిలబడింది. లోపల అసిమీనా గట్టిగా ఆ పేరు పలికింది. పిల్లలందరూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ "గలీని, గలీని" అని తల్లికి చెప్పడానికి పరుగెత్తుకొచ్చారు. జఫీరో గోడకు ఆనుకుని నవ్వుతూ ఏడ్చింది. రెండున్నరేళ్ళ బరువు ఆ పూట దిగింది.

పాప మెడలో ఉన్నది గోరంత వెండి సిలువ. అసిమీనా మెడలోనూ, రోజూ వేసుకునే కెంపుల సిలువ బదులు అచ్చం అలాంటిదే ఉంది. అది అరిగిపోయి ఉంది.

"ఏమిటమ్మా అసిమీనా, ఇంత కొట్టు పెట్టుకుని ఇదా?" అని ఒకావిడ అడిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు చెవులు రిక్కించారు.

అసిమీనా ముఖం చిన్నబుచ్చుకోకుండా తన మెడలోది పైకెత్తి చూపించింది. "ఇది నా జ్ఞానతల్లి మరూసో నాకు వేసింది. హోటళ్ళలో దుప్పట్లు ఉతికేది. ఎవరూ ముందుకు రాని పిల్లల్ని పదకొండు మందిని జ్ఞానతల్లిగా నిలబడి ఎత్తుకుంది. అందరికీ ఇలాంటిదే. ఇంత చిన్నదేమిటని ఏడేళ్ళప్పుడు నేనూ అడిగాను. సిగ్గుపడి కుట్టుమిషను సొరుగులో పడేశాను. నిన్న వెతికి తీసుకున్నాను."

"అడిగితే ఆవిడ ఏమంది?"

"సిలువ నలుగురికీ చూపించడానికి కాదే పిల్లా, నీకు నువ్వు చూసుకోవడానికి. నిన్ను ఒకరు ఎత్తుకున్నారు, నువ్వు ఇంకొకరిని ఎత్తుకోవాలి. అది గుర్తుండటానికి ఇంత చాలు, అంది."