ఈత రాని అభ్యర్థిని

ఆ వీధి మలుపులోని జిరాక్సు కొట్టులో బయోడేటాలు వేడివేడిగా దొరుకుతాయి. కొట్టతను మహా చురుకైన మనిషి. వచ్చినవాళ్ల పేరు, చదువు, ఫోను నంబరు మాత్రమే అడుగుతాడు. మిగతాదంతా అతని కంప్యూటర్లో ముందే సిద్ధంగా ఉంటుంది. కష్టపడే తత్వం, నాయకత్వ లక్షణాలు, అందరితో కలిసి పనిచేసే నేర్పు; అభిరుచులు పుస్తక పఠనం, ఈత. నిజానికి ఆ వీధివాళ్లకు మోకాటిలోతు నీళ్లన్నా భయమే.

అలాంటి కాగితమే పట్టుకుని వదిన కూడా ఉద్యోగానికి బయలుదేరింది. అపార్టుమెంటంతా ఆమెను వదిన అనే పిలుస్తుంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదులు అందుకుని మెకానిక్కులను పంపించే ఉద్యోగం అది. పిల్లలు పుట్టాక ఉన్న ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచీ, మళ్లీ తనకంటూ ఒక కుర్చీ ఉండాలని ఆమెకు గట్టి కోరిక. ఈ ఉద్యోగం మీద ఎంత ఆశ పెట్టుకుందంటే, నిద్దట్లో కూడా "హలో, చెప్పండి" అంటోంది.

మేనేజరమ్మ కళ్లజోడు సవరించుకుని కాగితం చదివింది.

"ఈత బాగా వచ్చా అమ్మా?"

"వచ్చు... అంటే... రాదండి."

"ఈ వారంలో నాకు తగిలిన నాలుగో ఈతగత్తె మీరు. మా లిఫ్టుల్లో నీళ్లుండవమ్మా!" ఆవిడ నవ్వేసింది. "సరే, పాత ఉద్యోగం మానేశాక ఏం చేశారు?"

"ఇంట్లో ఖాళీగానే ఉన్నానండి."

పాఠకులారా, ఈ "ఖాళీ" దగ్గర మనం కాస్త ఆగాలి. వదిన వాళ్ల అపార్టుమెంటుకు కార్యదర్శి ఎవరంటే, నోటీసు బోర్డు మీద ఆమె భర్త పేరే ఉంటుంది. ఆయన పని సంతకం వరకే. మోటారు కాలిపోతే మనిషిని పిలిపించేది వదిన. కారు అడ్డంగా పెట్టుకుని కొట్టుకునేవాళ్లకు రాజీ కుదిర్చేది వదిన. లిఫ్టు ఆగిపోతే, మెకానిక్ వచ్చేదాకా తలుపు బయట నిలబడి, లోపల ఇరుక్కున్నవాళ్లకు కబుర్లు చెబుతూ ధైర్యమిచ్చేదీ వదినే. అయినా అదొక పనే కాదని ఇంటాయన అనుకున్నాడు, ఇరుగుపొరుగు అనుకున్నారు, చివరికి ఆమె కూడా అనుకుంది. ఇది ఎంత అన్యాయమో చూడండి!

"ఈ కాగితంలో మీరెక్కడా కనబడట్లేదమ్మా," అంది మేనేజరమ్మ. "రేపు ఇంకోటి రాసుకుని రండి. మీరు చేసినవే రాయండి."

ఇంటికి వచ్చి జరిగింది చెప్పగానే ఆడపడుచు ఆట పట్టించింది. "నీకు ఈతొచ్చని మా అన్నయ్యకు తెలుసా వదినా? ఏళ్ల తరబడి దాచావు!" తర్వాత తనే కలం చేతికిచ్చి, "అపార్టుమెంటు పనులన్నీ రాయి," అంది.

వదిన కలం కింద పెట్టేసింది. "అమ్మో! మన లిఫ్టు చూసేది ఆ కంపెనీయే. ఫోన్లు చేసి చేసి వాళ్ల ప్రాణాలు తోడేసేది నేనేనని తెలిస్తే గుమ్మంలోంచే పంపించేస్తారు."

"అయినా అవి నా పేరు మీద జరిగిన పనులు కదా," అని పేపరు వెనకనుంచి భర్త గొణిగాడు.

"అన్నయ్యా, మన నీళ్ల మోటారు ఎక్కడుందో చెప్పు చూద్దాం!"

అన్నయ్య చాలాసేపు ఆలోచించి, "మేడ మీద," అన్నాడు. అది కింద, మెట్ల వెనక ఉంది. ఇద్దరాడవాళ్లూ పడీపడీ నవ్వారు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. "నిజమేలే, పనంతా నీదే. రాయి. నిజమేనని కింద నేను సంతకం పెడతాను. నాకొచ్చిన పని అదొక్కటే."

వదినకు కళ్లు చెమర్చాయి. ఉద్యోగం పోతే పోయిందనుకుని ఉన్నదున్నట్టు రాసేసింది. టైపు చేస్తూ కొట్టతను, "ఈత తీసెయ్యమంటారా? అది ఉంటే అందంగా ఉంటుందండీ," అని ఒకటే బాధపడ్డాడు.

మర్నాడు మేనేజరమ్మ కాగితం చదువుతూ సగంలో ఆగింది. "అంటే... ఆ ఫోన్లు చేసేది మీరేనా?"

వదిన గుమ్మం వైపు ఒకసారి చూసుకుంది. "నేనేనండి."

ఆవిడ లోపల్నుంచి మెకానిక్కును పిలిచి సంగతి చెప్పింది. అతను రెండు చేతులూ జోడించాడు. "మేడం, ఈవిడ ఫోను చేస్తే మాకు సగం పని తప్పుతుంది. లైటు వెలుగుతోందా, చప్పుడు ఎటునుంచి వస్తోంది, లోపల పెద్దవాళ్లెవరైనా ఉన్నారా, అన్నీ విడమరిచి చెప్తారు. ఆలస్యమైతే తిడతారనుకోండి, కానీ 'అండీ' అంటూనే తిడతారు!"

మేనేజరమ్మ నవ్వు ఆపుకుంటూ లేచి, కిటికీ పక్కన ఫోనున్న బల్ల చూపించింది. "సోమవారం నుంచి మీరు అక్కడ కూర్చోండి. నిన్నటి కాగితానికి ఉద్యోగమివ్వాలంటే మీ వీధిలో ఎవరికైనా ఇవ్వచ్చు. ఇవాళ్టి కాగితానికి మీ ఒక్కరికే ఇవ్వగలను. ఒక్క మాట గుర్తుపెట్టుకోండమ్మా. ఇంకెప్పుడూ ఎవరిముందూ ఖాళీగా ఉన్నానని చెప్పకండి. మనం చేసిన పనిని పనేనని ముందు మనం ఒప్పుకుంటేనే, లోకం ఒప్పుకుంటుంది."